గెలాక్సీల వెలుగులో గీతలు: విశ్వం విస్తరిస్తోందన్న మాటకు సాక్షులెందరు?

ఉక్కు కర్మాగారాలన్నిటిలోలాగే భిలాయిలోనూ కన్వర్టర్‌లో కాగిన ఉక్కు సరిగ్గా కుదిరిందా లేదా అన్నది శాంపిల్ తేలుస్తుంది. గట్టిపడిన ఆ చిన్న ముక్క మీద విద్యుత్ స్పార్క్ కొడితే పైపొరలోని లోహం కాస్త ఆవిరై వెలుగుతుంది. స్పెక్ట్రోమీటర్ ఆ వెలుగును విడదీసి కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం, భాస్వరం ఎంత అని నిమిషాల్లో చెప్పేస్తుంది. ప్రతి మూలకానికీ తనవైన తరంగదైర్ఘ్యాలు కొన్ని ఉంటాయి. వర్ణపటంలో అవి ఎప్పుడూ ఒకే చోట గీతలుగా పడతాయి, వాటి తీవ్రతను బట్టి మోతాదు తెలుస్తుంది. సెక్టర్ 2 క్వార్టర్ల నుంచి షిఫ్టుకు వెళ్ళే కుటుంబాలకు ఇందులో వింతేమీ లేదు. వందల కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరి ఇప్పుడు భూమిని చేరుతున్న గెలాక్సీల వెలుగును చదివేదీ ఇదే పద్ధతిలో. తేడా ఒక్కటే: అక్కడ గీతలన్నీ ఉండవలసిన చోట ఉండవు, పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు జరిగి ఉంటాయి. దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటున్నాం. గెలాక్సీలు దూరమవుతున్నాయి కాబట్టి గీతలు జరిగాయి, కాబట్టి విశ్వం విస్తరిస్తోంది అని పాఠ్యపుస్తకాలు రెండు ముక్కల్లో చెబుతాయి. నా దృష్టిలో ఈ వాదన ఇంత సన్నగా నిలబెట్టవలసింది కాదు. గీతలు జరగడం ఒక్కటే సాక్ష్యమైతే అనుమానించడానికి చాలా చోటు ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని కొలతలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే సంఖ్య దగ్గర కలవడంలో ఈ సిద్ధాంతం అసలు బలం ఉంది.

ముందు ఒక పొరపాటు అవగాహనను తొలగించాలి. రెడ్‌షిఫ్ట్ అంటే ఎర్రగా కనిపించడం కాదు. కాగుతున్న లోహం ముదురు ఎరుపు నుంచి నారింజకు, పసుపుకు, తెలుపుకు మారడం ఉక్కు పట్టణాల్లో అందరూ ఎరిగిందే. ఆ రంగు ఉష్ణోగ్రతను చెబుతుంది, వేగాన్ని కాదు. దుమ్ము పట్టిన ఆకాశంలో సాయంత్రపు సూర్యుడు ఎర్రబడతాడు, ఎందుకంటే దుమ్మూ గాలీ నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఈ రెండింటిలోనూ వర్ణపటంలోని గీతలు కదలవు. వేడి తగ్గినా, దుమ్ము అడ్డొచ్చినా హైడ్రోజన్ ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది, మహా అయితే మసకబారుతుంది. రెడ్‌షిఫ్ట్‌లో గీతలన్నీ ఒకే నిష్పత్తిలో సాగుతాయి. 100 ఉన్నది 150 అయితే 400 ఉన్నది 600 అవుతుంది. ఇక్కడ సాగుదల నిష్పత్తి 1.5. ఈ వ్యాసమంతటా ఆ నిష్పత్తినే పట్టుకుని నడుద్దాం. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2024లో గుర్తించిన ఒక గెలాక్సీలో ఈ నిష్పత్తి 15 దాటింది. అక్కడి వేడి నక్షత్రాలు వెదజల్లిన అతినీలలోహిత కాంతిలో హైడ్రోజన్‌కు చెందిన 121.6 నానోమీటర్ల అంచు మనకు దాదాపు 1,850 నానోమీటర్ల దగ్గర, పరారుణంలో దొరికింది. పుట్టినప్పుడు నీలం కన్నా నీలమైన వెలుగు అది.

గీత జరిగిందని ఎలా తెలుస్తుంది, అది మరో మూలకం గీత ఎందుకు కాకూడదు? ఈ అనుమానం న్యాయమైనదే. దీనికి జవాబు తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశీలనలో ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులతో కాచుకున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో హైడ్రోజన్ గీతలతో పాటు ప్రకాశవంతమైన పసుపు గీత ఒకటి కనిపించింది. అది సోడియం గీతల పక్కనే ఉండటంతో మొదట చాలామంది సోడియమే అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే జ్వాలల వర్ణపటం తీశాడు. ఆ గీత సోడియం స్థానంలో లేదని తేలింది. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంది. ఆ కొత్త మూలకమే హీలియం. విలియం రామ్సే దాన్ని భూమి మీద పట్టుకున్నది 1895లో. ఈ కథలో మనకు కావలసిన అంశం ఒకటుంది. సోడియం గీతే స్థానం తప్పి అక్కడికి వచ్చిందని ఎవరైనా వాదించి ఉంటే, ఆ వాయువు మన వైపు సెకనుకు దాదాపు 880 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తోందని లెక్క తేలేది. ఆ లెక్కను అడ్డుకున్నది పక్కనున్న గీతలే. అదే జ్వాలలో హైడ్రోజన్ గీతలు తమ చోటునే ఉన్నాయి, సోడియానికి ఉండవలసిన జంటా లేదు. ఒంటరి గీత ఎవరినైనా మోసం చేయగలదు, గీతల వరుస అలా చేయలేదు. గెలాక్సీల విషయంలో ఖగోళ శాస్త్రవేత్తలు నమ్మేది వరుసనే. కాల్షియం జంట గీతలు, హైడ్రోజన్ శ్రేణి, ఆక్సిజన్, మెగ్నీషియం, ఇనుము అన్నీ తమ మధ్య నిష్పత్తులు చెడకుండా ఒక్క కొలతలో సాగితేనే దాన్ని రెడ్‌షిఫ్ట్ అంటారు. పైన చెప్పిన వెబ్ గెలాక్సీ నిష్పత్తిని మొదట ఆ అంచును బట్టి 15.3గా అంచనా వేశారు. తర్వాత చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల్లో ఆక్సిజన్ గీత దొరికాక దాన్ని 15.2కు సవరించారు. అంచుకూ గీతకూ ఖచ్చితత్వంలో అంత తేడా ఉంది.

జరిగిన గీతను కొలవాలంటే జరగని గీత పక్కనే ఉండాలి. చాలా కాలం ఆ పని చేసిపెట్టింది ఇనుమే. ఇనుప ఆర్క్ వెలుగులో వేల గీతలు దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి వేధశాలల్లో దాన్ని నక్షత్రాల వర్ణపటం పక్కన కొలబద్దగా ముద్రించుకునేవారు. అమెరికాలో లోవెల్ వేధశాలకు చెందిన వెస్టో స్లైఫర్ 1912 చివర్లో రాత్రుల తరబడి ఒకే ఫోటో పలకను వెలుగుకు చూపి ఆండ్రోమెడా నీహారిక వర్ణపటం తీశాడు. అది సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోందని తేలింది. కానీ 1917 నాటికి ఆయన కొలిచిన 25 సర్పిల నీహారికల్లో 21 దూరమవుతున్నాయి. అవి మన పాలపుంతలోనివా, వెలుపలివా అన్నది అప్పటికి తేలలేదు. సెఫీడ్ నక్షత్రాలు వెలిగి మసకబారే కాలాన్ని బట్టి వాటి అసలు కాంతిని చెప్పవచ్చని హెన్రియెటా లీవిట్ 1912లో చూపింది. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రాన్ని పట్టుకోవడంతో అది వేరే గెలాక్సీ అని రుజువైంది. విస్తరించే విశ్వానికి సమీకరణాలు 1922లో రష్యాలో ఫ్రీడ్‌మన్ రాశాడు. 1927లో బెల్జియం మతాచార్యుడు లెమేటర్ వాటిని గెలాక్సీల వేగాలతో జతచేశాడు. 1929లో హబుల్ 24 గెలాక్సీల దూరాలనూ వేగాలనూ పక్కపక్కన పెట్టి, దూరం పెరిగేకొద్దీ వేగమూ అదే నిష్పత్తిలో పెరుగుతోందని చూపాడు.

ఈ కథలో గట్టి సగమూ బలహీన సగమూ వేరువేరుగా ఉన్నాయి. గీతల స్థానాన్ని వెయ్యో వంతు, లక్షో వంతు తేడాతో కొలవవచ్చు. దూరాన్ని అలా కొలవలేం. దూరం తెలియాలంటే వస్తువు అసలు కాంతి ఎంతో ముందే తెలియాలి. హైదరాబాదులో నిజామియా వేధశాల నీడలో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు పేరు ప్రపంచానికి తెలిసింది సరిగ్గా ఈ చిక్కు దగ్గరే. చల్లని నక్షత్రాల్లో కాల్షియం కె గీత మధ్య కనిపించే ఉద్గారం వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు కాంతిని అంచనా వేయవచ్చని ఆయనా ఓలిన్ విల్సనూ 1957లో చూపారు. అది విల్సన్-బప్పు ప్రభావంగా నిలిచింది. గెలాక్సీల దూరాలకు అది అందదు, కానీ వెలుగులోనే దూరపు ఆనవాలు వెతకాలన్న దారి అదే. హబుల్ దూరాలు ఎంత తప్పో తర్వాత తెలిసింది. ఆయన లెక్క ప్రకారం ప్రతి మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, వేగం సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున పెరగాలి. దాన్ని వెనక్కి నడిపితే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళు మాత్రమే అవుతుంది. రాళ్ళలోని రేడియోధార్మికత భూమి అంతకన్నా పాతదని చెబుతోంది. ఇల్లు పుట్టకముందే అందులోని గది పుట్టిందన్నట్టు తేలిన ఆ లెక్క విస్తరణ సిద్ధాంతానికి నిజమైన గండం. 1952లో వాల్టర్ బాడే సెఫీడ్లు రెండు రకాలని గుర్తించడంతో దూరాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. 1958లో అలన్ సాండేజ్ ఆ సంఖ్యను 75 దాకా దించాడు. విమర్శకులు పట్టుకున్న లోపం నిజమైనదే, కానీ అది దూరాల కొలబద్దలోది. గీతల్లో దోషం లేదు.

గీతలు జరగడానికి విస్తరణే కారణం కానక్కర్లేదని తొలినాళ్ళలోనే బలంగా అన్నవాడు ఫ్రిట్జ్ జ్వికీ. కాంతి కోట్ల ఏళ్ళు ప్రయాణిస్తూ దారిలో కొంత శక్తిని పోగొట్టుకుంటుందేమో, శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కదా అని ఆయన 1929లోనే ప్రతిపాదించాడు. ఇది అలిసిన కాంతి వాదన. తేలిగ్గా కొట్టిపారేయవలసిన ఊహ కాదు. దూరం పెరిగేకొద్దీ రెడ్‌షిఫ్ట్ పెరగడాన్ని ఇదీ వివరిస్తుంది. అయితే ఇలాంటి వాదన ఏదైనా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకటి, దారిలో దేన్నో ఢీకొని శక్తి పోయేటట్లయితే కాంతి దిశ కూడా కాస్త చెదరాలి, దూరపు గెలాక్సీలు మసకగా అలుక్కుపోయి కనిపించాలి. అవి అలా కనిపించవు. రెండు, పదార్థంతో జరిగే చర్యలు సాధారణంగా తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారతాయి, కాబట్టి నీలి గీతా రేడియో గీతా ఒకే నిష్పత్తిలో సాగడానికి కారణం కనబడదు. కానీ అవి ఒకేలా సాగుతున్నాయి. పుణె సమీపంలోని ఖోడద్ దగ్గర 30 పెద్ద పళ్ళేలతో నిలిచిన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో అర్ణబ్ చక్రవర్తి, నిరుపమ్ రాయ్ ఒక దూరపు గెలాక్సీ నుంచి హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల సంకేతాన్ని పట్టుకున్నట్టు 2023లో ప్రకటించారు. అది 48 సెంటీమీటర్లకు సాగి వచ్చింది, నిష్పత్తి 2.29. కంటికి కనిపించే కాంతి గీతల నుంచి ఆ గెలాక్సీకి ముందే లెక్కగట్టిన నిష్పత్తి కూడా అదే. నానోమీటర్లలో కొలిచే అలా, సెంటీమీటర్లలో కొలిచే అలా లక్ష రెట్లకు పైగా తేడా ఉండి కూడా ఒకే పాళ్ళలో సాగాయంటే, సాగదీసినది దారిలోని దుమ్మో వాయువో కాదు.

అయినా పట్టుదలగల విమర్శకుడు తగ్గనక్కర్లేదు. అన్ని తరంగాలనూ సమంగా అలసట పెట్టే ప్రక్రియ మనకు తెలియనిది ఏదైనా ఉండవచ్చు అనవచ్చు. అక్కడ గీతలను వదిలి గడియారాన్ని అడగాలి. రోజుకొక ఉత్తరం రాస్తూ మన ఊరికి దూరంగా నడిచిపోయే మనిషి ఉత్తరాలు మనకు రోజుకొకటిగా అందవు, ప్రతి ఉత్తరానికీ దారి పెరుగుతుంది కాబట్టి వ్యవధీ పెరుగుతుంది. విశ్వం విస్తరిస్తుంటే దూరాన జరిగే ప్రతి సంఘటనా మనకు నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపించాలి, ఆ నెమ్మది సరిగ్గా గీతల సాగుదల నిష్పత్తిలోనే ఉండాలి. అలిసిన కాంతిలో శక్తి తగ్గుతుంది గాని సంఘటనల వ్యవధి మారదు. ఈ పరీక్షను పేలిపోయే నక్షత్రాలైన సూపర్‌నోవాలతో చేయవచ్చని 1939లోనే సూచించినది ఓలిన్ విల్సన్. తర్వాత బప్పుతో కలిసి పని చేసినది ఈయనే. అప్పటికి దాన్ని చేసే సాధనాలు లేవు. టైప్ 1ఎ సూపర్‌నోవాలు దాదాపు ఒకే తీరులో వెలిగి ఒకే తీరులో ఆరతాయి కాబట్టి అవే గడియారాలయ్యాయి. 1990ల మధ్యలో చూసిన 1995కె అనే సూపర్‌నోవాలో గీతల సాగుదల 1.48. దాని వెలుగు పెరిగి తగ్గిన కాలం కూడా ఆ మేరకే సాగింది. 2024లో డార్క్ ఎనర్జీ సర్వే బృందం 1,500కు పైగా సూపర్‌నోవాలను ఒకే లెక్కలో పెట్టి చూసినప్పుడు కాలం సాగుదలా గీతల సాగుదలా ఒకటే అని ఒక శాతం స్థాయి ఖచ్చితత్వంతో తేలింది. నా మట్టుకు అలిసిన కాంతి వాదన ఇక్కడితో ముగిసింది. పేలిపోతున్న నక్షత్రానికి తన వెలుగు దారిలో అలసిపోతుందని ముందే తెలిసి నెమ్మదిగా ఆరిపోవలసిన అవసరం లేదు.

మూడో సాక్షి ఉష్ణమాపకం. విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వికిరణం ఉష్ణోగ్రత ఇప్పుడు 2.725 కెల్విన్లు. విశ్వం విస్తరిస్తూ చల్లబడిందన్నది నిజమైతే, దూరపు వెలుగు బయల్దేరిన నాడు ఈ ఉష్ణోగ్రత సాగుదల నిష్పత్తికి తగ్గట్టు ఎక్కువగా ఉండాలి. గతంలోకి ఉష్ణమాపకాన్ని పంపడం ఎలా? పుణెలోని ఐయూకా సంస్థకు చెందిన ఆర్. శ్రీఆనంద్, ఫ్రెంచి సహచరులు పెటిజాన్, లెడూలతో కలిసి 2000లో దారి చూపారు. దూరపు క్వేజార్ (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం) వెలుగు మధ్యలో ఒక వాయు మేఘం గుండా వస్తుంది. ఆ మేఘంలోని కార్బన్ పరమాణువుల్లో ఎన్ని పై స్థాయిలో ఉన్నాయన్నది చుట్టూ ఉన్న వికిరణం వేడిని బట్టి ఉంటుంది. ఆ పాళ్ళు వర్ణపటంలో గీతల లోతులుగా దొరుకుతాయి. మేఘం నిష్పత్తి 3.34, కాబట్టి ఉష్ణోగ్రత 9.1 కెల్విన్లు ఉండాలి. వారి కొలత 6కీ 14కీ మధ్య అని చెప్పింది, అంటే నేటి 2.725 అక్కడ కుదరదు. 2008లో అదే శ్రీఆనంద్ బృందం నిష్పత్తి 3.42 ఉన్న మరో మేఘంలో కార్బన్ మోనాక్సైడ్ అణువులను చదివింది. రావలసినది 9.3, వచ్చినది 9.15, దోషపు అవధి 0.72. వెలుగును చదవడంలో ఇంతకన్నా గొప్ప పని నాకు తెలియదు. కోట్ల ఏళ్ళ కిందటి చలి ఎంతో అప్పటి పరమాణువుల చేతే చెప్పించారు.

నాలుగో సాక్షిగా కొందరు గెలాక్సీల ఉపరితల ప్రకాశాన్ని పిలుస్తారు. విస్తరించే విశ్వంలో అది సాగుదల నిష్పత్తి నాలుగో ఘాతం చొప్పున తగ్గాలని టోల్మన్ లెక్కగట్టాడు. లూబిన్, సాండేజ్ 2001లో కొలిచి అనుకూలమైన ఫలితమే చెప్పారు. కానీ దీన్ని నేను మిగతా వాటితో సమానంగా నిలబెట్టను. ఆ గెలాక్సీలు అప్పుడు పడుచు వయసులో ఉండి ఇప్పటి కన్నా ప్రకాశంగా వెలిగేవి కాబట్టి ఎంత తగ్గుదల విస్తరణది, ఎంత వయసుది అని విడదీయాలి. ఆ విడదీత మన అంచనాల మీద ఆధారపడుతుంది.

విస్తరణనూ బిగ్‌బ్యాంగ్‌నూ ఒకే గాటన కట్టి రెండింటినీ ఒకే వేటుతో పడగొట్టాలనుకునే వాదనలు తరచూ వినబడతాయి. అందుకు జయంత్ నార్లీకర్ పేరు వాడుకోవడమూ ఉంది. ఇది ఆయనకు న్యాయం చేయదు. ఫ్రెడ్ హోయిల్, బాండీ, గోల్డ్ 1948లో చెప్పిన స్థిరస్థితి సిద్ధాంతంలో విశ్వం విస్తరిస్తూనే ఉంటుంది, ఖాళీ అయిన చోట కొత్త పదార్థం పుడుతుంది. 1993లో హోయిల్, బర్బిడ్జ్‌లతో కలిసి నార్లీకర్ ప్రతిపాదించిన సవరించిన రూపంలోనూ విస్తరణ ఉంది. ఆయన కాదన్నది ఒకానొక క్షణాన అంతా మొదలైందన్న భాగాన్ని. ఆయన స్థాపక సంచాలకుడిగా నిర్మించిన ఐయూకా నుంచే శ్రీఆనంద్ కొలతలు వచ్చాయి. భిన్నాభిప్రాయం ఉన్న చోటే దాన్ని పరీక్షించే కొలతలూ పుట్టాలన్న పద్ధతి మన దేశంలో అలా పాతుకుంది. కొన్ని క్వేజార్ల రెడ్‌షిఫ్ట్ దూరాన్ని సూచించదని హాల్టన్ ఆర్ప్ దశాబ్దాలు వాదించాడు. దగ్గరి గెలాక్సీ, దూరపు క్వేజార్ ఆకాశంలో పక్కపక్కన కనిపించే జంటలే ఆయన ఆధారం. లక్షల కొద్దీ క్వేజార్లను సర్వేలు నమోదు చేశాక అలాంటి పొరుగుదనం యాదృచ్ఛికంగా ఎంత కనిపించాలో అంతే కనిపిస్తోంది.

మిగిలిన రెండు సందేహాలకు జవాబు చిన్నదే. విశ్వం విస్తరిస్తుంటే ఆండ్రోమెడా మన వైపు ఎందుకు వస్తోంది? దగ్గరి గెలాక్సీల మధ్య గురుత్వాకర్షణ విస్తరణను మించి లాగుతుంది. సౌరకుటుంబం, భూమి, మనం ఎవరమూ సాగకపోవడానికి కూడా కారణం అలాంటిదే, బంధించే బలాలు ఉన్న చోట విస్తరణకు పనిలేదు. అన్ని గెలాక్సీలూ మన నుంచే పారిపోతుంటే మనం కేంద్రంలో ఉన్నామా? దూరానికి తగ్గ వేగం అనే నియమానికి ఒక గుణముంది. ఏ గెలాక్సీలో నిలబడి చూసినా అదే నియమం కనిపిస్తుంది. అందువల్లే సాగుదల నిష్పత్తిని వేగంగా కన్నా విశ్వపు పరిమాణాల పోలికగా చదవడం మేలు. నిష్పత్తి 2 అంటే ఆ వెలుగు బయల్దేరినప్పుడు గెలాక్సీల మధ్య దూరాలు ఇప్పటిలో సగం.

ఇంత గట్టిగా చెప్పాక, తేలనిది ఏమిటో కూడా అంతే గట్టిగా చెప్పాలి. విస్తరణ ఉందన్నది తేలింది. ఎంత వేగంగా అన్నది తేలలేదు. ప్లాంక్ ఉపగ్రహం చూసిన మైక్రోవేవ్ వికిరణం నుంచి లెక్కగడితే మెగాపార్సెక్‌కు 67.4 వస్తుంది. సెఫీడ్లు, సూపర్‌నోవాల దారిలో ఆడమ్ రీస్ బృందం 2022లో చెప్పినది 73. రెండింటి దోషపు అవధులూ కలవవు. ఇదీ మళ్ళీ దూరాల కొలబద్ద లోపమేనా, కొత్త భౌతికశాస్త్రమా అన్నదానిపై వివాదం నడుస్తోంది. వెండీ ఫ్రీడ్‌మన్ బృందం వేరే రకాల నక్షత్రాలతో కొలిచి 70 దగ్గరి సంఖ్యనూ చూపింది. బాడే నాటి అనుభవం దృష్ట్యా నా మొగ్గు కొలబద్ద వైపే, అయితే 1998లో సూపర్‌నోవాలు విస్తరణ వేగం పుంజుకుంటోందని చెప్పినప్పుడూ చాలామంది మొదట కొలబద్దనే అనుమానించారు. ఈ చిక్కును దూరాల జోలికి పోకుండా విప్పే దారి ఒకటి సాండేజ్ 1962లో సూచించాడు. ఒకే గెలాక్సీ లేదా క్వేజార్ గీతలను ఏళ్ళ తరబడి చూస్తే రెడ్‌షిఫ్టే స్వల్పంగా మారుతుంది. మార్పు పదేళ్ళకు సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగానికి సమానం. ఆయన కాలంలో అది ఊహకు కూడా అందని సూక్ష్మం. ఇప్పుడు చిలీలో కడుతున్న 39 మీటర్ల ఈఎల్‌టీ టెలిస్కోపుకు ఆ పని చేయగల వర్ణపట యంత్రాన్ని రూపొందిస్తున్నారు. అది పని మొదలుపెట్టాక ఫలితం కోసం కనీసం ఇరవై ఏళ్ళు కొలవాలి, ఆ ఇరవై ఏళ్ళూ కొలబద్ద గీతలు సెకనుకు ఒక సెంటీమీటరు స్థాయికి మించి కదలకూడదు.